ఉప్పుపొన్న తొడుగులు, ఒక అరుదైన మాట

కొత్తగా బీట్ ఆఫీసర్లుగా చేరిన పిల్లలు కొందరు ఈమధ్య కోవూరులో మా ఇంటికి వచ్చారు. వాళ్ళలో ఒకమ్మాయి, "సార్, మీరు పులిని ఎన్నిసార్లు చూశారు?" అని అడిగింది. ఒక్కసారి కూడా చూడలేదని చెప్పాను. పాపం, ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. అటవీ శాఖలో నా ఉద్యోగం దాదాపు అంతా ఉప్పునీళ్ళ పక్కనే గడిచింది. నేను చూసినవి పీతలు, కొంగలు, మోకాలి లోతు బురద, ఆ బురద మింగేసిన నా చెప్పులు. వాటి గురించి అడిగేవాళ్ళు తక్కువ.

అయినా నా ఉద్యోగంలో ఒక గెలుపు ఉంది. ఇవాళ్టికీ పడవెక్కి వెళ్ళి చేత్తో తాకి చూసుకోగలిగిన గెలుపు. దానికి మూలం ఒక ఇంగ్లీషు మాట. ఆ మాటను నేను నేర్చుకున్నది ఒకేసారి, గట్టిగా వాడుకున్నదీ ఒకేసారి. బదిలీలు, ప్రమోషన్లు అందరికీ ఉండేవే, వాటిని వదిలేస్తున్నాను. ఈ ఒక్కటి మాత్రం కాస్త గొప్పగానే చెప్పుకుంటాను. అరవై రెండేళ్ళు నిండి ఇంట్లో కూర్చున్నవాడికి ఆ మాత్రం హక్కు ఉంటుందనుకుంటాను.

మాస్టారు అడిగిన టోపీ

నేను బుచ్చిరెడ్డిపాలెంలో తెలుగు మీడియంలో చదువుకున్నాను. మా నాన్న ఆదివారాలు చర్చిలో గంట కొట్టేవాడు, మిగతా రోజులు వడ్రంగం చేసేవాడు. ఉద్యోగం వచ్చి ట్రైనింగ్ కాలేజీకి వెళ్ళాక అక్కడి ఇంగ్లీషు పుస్తకాలు చూసి నాకు కళ్ళు తిరిగాయి. ఆకు అంచుకు ఒక పేరు, ఆకు మొదలుకు ఒక పేరు, ఆకు మీది నూగుకు ఇంకో పేరు. రాత్రి బట్టీ పట్టినవి పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే పోయేవి.

అక్కడ మాకు వృక్షశాస్త్రం చెప్పినాయన ప్రసాదరావు మాస్టారు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. నోట్సు చెప్పేవాడు కాదు. రోడ్డు పక్కకు నడిపించుకుపోయి, ఏదో ఒకటి తుంచి మన అరచేతిలో పెట్టి, "చూడు" అనేవాడు. చూసింది చెప్పేదాకా వదిలేవాడు కాదు.

ఒకరోజు మమ్మల్ని బ్రహ్మదండి మొక్క దగ్గర నిలబెట్టాడు. అదే, బీళ్ళలో పెరిగే ముళ్ళ మొక్క, పసుపుపచ్చ పూలు పూస్తుంది. ముందు మొగ్గ చూపించాడు. మొగ్గ మీద మూడు కొమ్ములున్న ఆకుపచ్చని తొడుగు ఉంది. తర్వాత విచ్చుకున్న పువ్వు చూపించాడు. దాని కింద ఏ తొడుగూ లేదు.

"టోపీ ఏమైంది?" అన్నాడు.

"రాలిపోయింది సార్" అన్నాం.

"ఎందుకు రాలింది?"

ఎవరో వెనకనుంచి, "తెగులు వచ్చి ఉంటుంది సార్" అన్నారు.

మాస్టారు నవ్వలేదు, తిట్టలేదు. "పువ్వు విచ్చుకోవడంతో దాని పని అయిపోయింది. పని తీరగానే పెందలాడే రాలిపోయే భాగాన్ని కడ్యూకస్ అంటారు. రాలినదల్లా రోగం అని రాయకండి. పని తీరి రాలిందా, పని తీరక ముందే రాలిందా, అది చూసి రాయండి" అన్నాడు.

ఆ పైన మమ్మల్ని హాస్టల్ వంటశాలకు తీసుకుపోయాడు. అక్కడ పెరట్లో బెండ మొక్కలున్నాయి. బెండ పువ్వు కింది తొడుగు పూరేకులతో పాటే ఊడిపోతుంది. వంకాయ ముచ్చిక మాత్రం కాయతో పాటు పెరిగి, కూరలోకి కూడా వస్తుంది. అంతే, నా తలలో ఆ మాట అతుక్కుపోయింది. నేను పుస్తకంలో చదివినవన్నీ పోయినా, వంటింటి గడప దాటి వచ్చినది పోలేదు. సెలవులకు ఇంటికొచ్చి మా అమ్మకు ఇదంతా వివరిస్తే, ఆమె ఓపిగ్గా విని, "ఇంతకీ కూరలో ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది.

నాతో పాటు ట్రైనింగ్ అయిన ఒక మిత్రుడు ఆ మాటను దొరికిన చోటల్లా వాడేవాడు. కావలి వైపు ఒక మామిడి రైతు, పిందె రాలిపోతోందని వచ్చి మొరపెట్టుకుంటే, "అది కడ్యూకస్‌లే" అని పంపించేశాడట. పిందె పని ఇంకా తీరనే లేదు, అది రాలితే రైతు మునిగినట్టే. ఆ రైతు మా ఆఫీసుకు వచ్చి, "మీవోడు పిందెలకు ఇంగ్లీషులో దినం పెట్టినాడు సారూ" అని చెప్పిపోయాడు. మాట తెలియగానే సరిపోదు పిల్లలూ, అది ఎక్కడ వర్తించదో కూడా తెలియాలి.

మొగ పక్కన నర్సరీ

సునామీ వచ్చి పోయిన తర్వాత మా తీరంలో మడ అడవులు పెంచాలని పని మొదలైంది. నేనప్పుడు రేంజ్ ఆఫీసర్ని. నాకు అప్పగించిన చోటు ఒక మొగ, అంటే ఉప్పుకాలవ సముద్రంలో కలిసే చోటు. దాని ఒడ్డున చేపల వేట మీద బతికే పట్టపువాళ్ళ ఊరు ఒకటి ఉంది. ఊరి పేరు రాయను. రాస్తే పక్క ఊళ్ళు, మా సంగతి రాయలేదేమని అలుగుతాయి.

ఆ ఊరి కట్ట ఏటేటా తెగిపోతోంది. పెద్ద పోటు వచ్చినప్పుడల్లా నీళ్ళు మంచినీళ్ళ బావిదాకా వచ్చేవి. ఇంకో వానాకాలం కట్ట తెగితే ఊరిని లోపలికి, రోడ్డు దగ్గరికి తరలించాలని పైవాళ్ళు నిర్ణయించారు. పడవ కట్టే చోటునుంచి అంత దూరం వెళ్ళి వేటగాడు ఏం చేస్తాడు? ఆ మాట వచ్చినప్పుడల్లా ఊళ్ళో ముసలివాళ్ళు మాట్లాడకుండా లేచిపోయేవారు. కట్టకు అడ్డంగా ఉప్పుపొన్న అనే మడ మొక్కలు నాటి వేళ్ళు పట్టిస్తే నేల నిలుస్తుంది. వానలు ముదిరేలోగా నాటాలి. వాళ్ళకు మిగిలిన ఆశ అదొక్కటే.

ఉప్పుపొన్న విత్తనం మునక్కాడలాగా పొడుగ్గా ఉంటుంది. కృష్ణానది మొగలనుంచి తెప్పించి, కాలవకు అవతల బురద లంకలో సంచుల్లో గుచ్చాం. ఆ లంకకు పడవ మీద తప్ప దారి లేదు. నర్సరీ పని ఆ ఊరి ఆడవాళ్ళు చూసుకునేవారు. వాళ్ళకు పెద్ద పోలమ్మ. అప్పటికి ఆమెకు నలభై ఉంటాయేమో. గొంతు అవతలి ఒడ్డుకు వినపడేది. మొక్కల మీద కొంగ వాలితే దాని వంశం మొత్తాన్నీ తిట్టేది.

మొక్కలు బాగా లేచాయి. నేను వారానికోసారి వెళ్ళి చూసేవాణ్ణి. ఒక్కటే వింతగా ఉండేది. ఉప్పుపొన్న కొమ్మ చివర మొగ్గకు పొడుగాటి తొడుగు ఉంటుంది. లోపలి ఆకుల జత విచ్చుకోగానే ఆ తొడుగు ఊడి పడుతుంది. అచ్చం మా మాస్టారు చెప్పిన కడ్యూకస్. కొత్త ఆకులు కనిపిస్తున్నాయి, కింద మాత్రం ఒక్క తొడుగు కూడా కనిపించదు. పోటు నీళ్ళు ఊడ్చుకుపోతున్నాయేమో అనుకున్నాను.

బుట్టలో మిరపకాయలు

మా పై అధికారి, డీఎఫ్ఓ రాఘవేంద్ర గారు ముందు చెప్పకుండా వచ్చే మనిషి. ఇంజనీరింగు చదివి ఈ సర్వీసులోకి వచ్చారు. నిజాయితీపరుడు, కోపిష్టి. నేను పనిచేసిన పై అధికారుల్లో నేను గౌరవించిన కొద్దిమందిలో ఆయన ఒకరు. వెనకటి ఉద్యోగంలో ఒకచోట ఎర్రచందనం నర్సరీలో తెగులు కనిపిస్తే, కిందివాళ్ళు ఆయనకు చెప్పకుండా దాచారు. ఆయనకు తెలిసేసరికి నర్సరీ మొత్తం పోయింది. అప్పటినుంచి దాచడం అనే మాట వింటేనే మండిపడేవారు.

ఆ రోజు లంక మీద మొక్కల మధ్య తిరిగి, "బాగున్నాయి" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం అరుదు. నేను లోలోపల పొంగిపోతూ ఉన్నాను. తిరిగి వస్తూ కాపలా పాక దగ్గర ఆగి, తాటాకు చాప కప్పిన పీతల బుట్ట అంచున ఎర్రగా ఏదో కనిపించడం చూశారు.

"మిరపకాయలు ఇక్కడ ఆరబెడుతున్నారేం?" అని చాప తీశారు.

అవి మిరపకాయలు కావు. ఎండి ఎర్రబారిన మొగ్గ తొడుగులు, బుట్టనిండా. పోలమ్మ చేతిలో బిందె జారి బురదలో పడింది. మిగతా ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అది చూశాక ఎవరైనా తప్పు జరిగిందనే అనుకుంటారు.

"కొమ్మల చివర్లు రాలిపోతున్నాయి. రోగాన్ని దాచారు" అన్నారు రాఘవేంద్ర గారు. ఆయన నావైపు చూసిన చూపులో, నువ్వు కూడానా అన్నది ఉంది.

"రోగం కాదు సార్. మొగ్గ తొడుగులు. కడ్యూకస్" అన్నాను.

"ఆ మాట నేనెప్పుడూ వినలేదు."

"నాకు చెప్పింది కూడా ఒక్క మాస్టారే సార్."

పక్కనున్న మొక్క కొసను గోటితో మెల్లగా తాకాను. వదులైన తొడుగు ఊడి చేతిలో పడింది. లోపల ఆకుల జత మడత విప్పుకుంటోంది. ఆయన వంగి చూశారు, తల అడ్డంగా ఊపారు.

"మంచి మొక్కను ఎంచి చూపించడం ఎవరైనా చేస్తారు. నాకు ఒక్క సంగతి చెప్పండి. రోగం కాకపోతే ఎందుకు దాచారు?"

ఆ సంగతి నాకు నిజంగానే తెలియదు. జవాబు పోలమ్మ దగ్గర ఉంది. ఆమె తల వంచుకుని, ఎప్పుడూ లేనంత మెల్లగా మాట్లాడింది.

"మేము రొయ్యల గుంటల్లో పని చేసినోళ్ళం సారూ. తెల్లమచ్చ రోగం వచ్చినప్పుడు చచ్చిన రొయ్య తేలేది. ఓనరు చూసినాడంటే గుంట ఖాళీ జేసి మమ్మల్ని పొమ్మనేవోడు. అందుకని ఆయనొచ్చే ముందరే ఏరి పారేసేవోళ్ళం. ఇక్కడా ఏందో రాలిపోతుంటే అదే బయమేసినాది. కాలవలో పారేస్తే పోటుకు తిరిగొచ్చి వలకు అతుక్కుంటుండాయి. పొయ్యిలోకి తీసకపోదామని బుట్టలో పెట్టినాం."

ఆ రోజు ఆమె మాట విని నాకు ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి. మొక్క పెరిగిందనడానికి అంతకన్నా మంచి రుజువు లేదు, ఒక తొడుగు రాలిందంటే ఒక ఆకుల జత వచ్చినట్టు. ఆ రుజువునే రోజూ పొద్దున్నే ఏరి, రోగమనుకుని దాచిపెట్టారు. రొయ్యల గుంట నేర్పిన జాగ్రత్తను మడ మొక్కకు వాడారు. ఇలాంటి పొరపాటు చేయడానికి కూడా పనిమీద ఎంతో ప్రాణం ఉండాలి.

రాఘవేంద్ర గారికి ఆ మాటలు ఒప్పుకోలుగానే వినిపించాయి. "వాళ్ళే భయమేసింది అంటున్నారు. రేపు పొద్దున్నే మనుషులతో వస్తాను. మొత్తం పీకి కాల్చేయాలి. ఇది పాత మడచెట్లకు పాకితే బాధ్యత ఎవరిది?" అని పడవెక్కారు. ఆయన భయం అబద్ధపు భయం కాదు. అందుకే ఆ రోజు నాకు ఆయన మీద కోపం కన్నా దిగులు ఎక్కువ కలిగింది. ఆ మొక్కలు పోతే ఆ ఏడాదికి మళ్ళీ విత్తనం దొరకదు, కట్ట నిలవదు, ఊరు కదలాలి.

దురాయి

మర్నాడు ఆయన పనివాళ్ళను లారీలో ఎక్కించుకుని వచ్చారు. నేను అప్పటికే ఒడ్డున ఉన్నాను. పడవలన్నీ ఇసుకలోకి లాగి బోర్లించి ఉన్నాయి. వేటకు కూడా ఎవరూ పోలేదు. మగవాళ్ళంతా వలలు ముందేసుకుని కూర్చుని బాగుచేసుకుంటున్నారు. ఎవరూ తలెత్తడం లేదు.

ఊరి పెద్దకాపు సోమయ్య ఎదురొచ్చి రాఘవేంద్ర గారికి దండం పెట్టాడు. పట్టపువాళ్ళ ఊళ్ళలో పెద్దకాపు మాట అంటే మాటే.

"దురాయి వేసినాము సారూ" అన్నాడు.

ఆయనకు అర్థం కాలేదు. నావైపు చూశారు. నేను చెప్పాను. ఊరి పెద్దలు కూర్చుని ఒక కట్టుబాటు చాటిస్తే దాన్ని దురాయి అంటారు. అది ఎత్తేదాకా ఊళ్ళో ఒక్కరు కూడా మీరరు. ఈ దురాయి ప్రకారం ఎవరూ ఆ మొక్కల మీద చెయ్యి వేయకూడదు. చెయ్యి వేసేవాళ్ళను ఏ పడవా దాటించకూడదు.

"ఆ మొక్కలు ప్రభుత్వానివి" అన్నారు రాఘవేంద్ర గారు.

"మీయే సారూ, మాయని మేము అన్లేదు. పడవలు మాత్రం మాయి."

సోమయ్య మళ్ళీ అందుకున్నాడు. "మా రేంజరు సారు ఏందో ఒక మాట చెప్పినాడంట గదా, అది రోగం గాదు అని. ఆ మాట నిజమో అబద్దమో తేల్చండి. అబద్దమైతే మేమే పీకి, మేమే కాల్చేస్తాం. నిజమైతే మేమే నాటుతాం. తేలేదాకా దురాయి ఉంటాది."

నా జీవితంలో నా మాట మీద అంత బరువు ఎవరూ పెట్టలేదు. ఆ ఊరి వాళ్ళకు కడ్యూకస్ అంటే ఏమిటో తెలియదు. నేను చెప్పానన్నదొక్కటే వాళ్ళకు తెలుసు. ఒక్కొక్క ఇల్లూ ఆ రోజు వేట మానుకుంది. మాస్టారు నా అరచేతిలో పెట్టిన ఆ ముళ్ళ మొగ్గ గుర్తొచ్చింది. నేను చూసింది నేను చూశాను.

రాఘవేంద్ర గారు పోలీసులను పిలిపించవచ్చు. చాలామంది అధికారులైతే అదే చేసేవాళ్ళు. ఆయన జీపు దగ్గరికి వెళ్ళి, ఫైళ్ళు కట్టే ఎర్ర నాడాలు ఒక కట్ట తెచ్చారు.

"మొక్కలు నేను ఎంచుతాను. నాడా నేను కడతాను. వచ్చే పౌర్ణమికి వస్తాను. తొడుగు రాలిన చోట ఆకులు ఉంటే మీ మాట. కుళ్ళు ఉంటే నా మాట" అన్నారు.

సోమయ్య తన పడవనే నీళ్ళలోకి తోయించి, ఆయన్ని తనే దాటించాడు. దురాయి పీకేవాళ్ళకే తప్ప నాడా కట్టేవాళ్ళకు వర్తించదని ఒడ్డున అక్కడికక్కడే తేల్చేశాడు.

ఎర్ర నాడాలు

పౌర్ణమిదాకా నేను రోజూ వెళ్ళాను. నాడా కట్టిన ప్రతి మొక్క కింద పాత వలగుడ్డ సంచిలాగా కట్టించాను, రాలినది అందులోనే పడేటట్టు. పోలమ్మ మొదట నాతో మాట్లాడలేదు. తనవల్లే ఇదంతా వచ్చిందని ఆమె బాధ. రెండో వారం ఆమే వచ్చి పక్కన కూర్చుంది.

"ఆ ఇంగ్లీషు మాట ఇంకోసారి జెప్పండి సారూ."

చెప్పాను. వంకాయ ముచ్చిక, బెండ పువ్వు సంగతి కూడా చెప్పాను. ఆమెకు వెంటనే అర్థమైంది. కూర తరిగే మనిషికి అర్థం కాకపోవడానికి అందులో ఏముంది?

"అయితే మేము దాచింది రోగం గాదా?"

"కాదమ్మా. మీరు దాచింది పెరుగుదల."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ తర్వాత లేచి, తోటి ఆడవాళ్ళను పిలిచి, నేను చెప్పినదంతా నాకన్నా గట్టి గొంతుతో మళ్ళీ చెప్పింది.

పౌర్ణమి రోజు మధ్యాహ్నం రాఘవేంద్ర గారు వచ్చారు. ఊరంతా అవతలి ఒడ్డున నిలబడి చూస్తోంది. లంక మీదికి ఆయన, నేను, సోమయ్య, పోలమ్మ వెళ్ళాం. ఆయన మొదటి నాడా దగ్గర ఆగారు. వంగి చూశారు. కొస నల్లగా ఉంది. మొగ్గ తొడుగు లోపలే ఎండిపోయి, చిన్న కన్నం కనిపిస్తోంది.

పోలమ్మ చటుక్కున నా చెయ్యి పట్టుకుంది. సోమయ్య కళ్ళు మూసుకున్నాడు. రాఘవేంద్ర గారు నావైపు తిరిగారు.

నేను జేబులోంచి కత్తి తీసి ఆ కొసను నిలువునా చీల్చాను. లోపల తొలిచిన సన్నటి దారి, దాని చివర చిన్న పురుగు. "ఇది రోగమే సార్" అన్నాను. "ఇది పని తీరక ముందే పోయింది. లోపల ఆకులు లేవు, తొడుగు ఊడి పడలేదు, కింద సంచి ఖాళీగా ఉంది. ఈ మొక్కను పీకేద్దాం. ఇక మిగతావి చూడండి."

రెండో మొక్కకు సంచిలో తొడుగు ఉంది. పైన నిగనిగలాడే ఆకుల జత. తొడుగు ఊడిన చోట కొమ్మ చుట్టూ ఉంగరంలా ఒక గీత, అంతే, కుళ్ళు లేదు. మూడోది అంతే. నాలుగోది అంతే. ఆయన నా చేతిలోంచి కత్తి తీసుకుని తనే ఒక మొగ్గను చీల్చి చూశారు. లోపల రెండు ఆకులు ఒకదానిమీద ఒకటి చుట్టుకుని ఉన్నాయి. ఆ పైన వేగంగా నడవడం మొదలుపెట్టారు, ఒక నాడా దగ్గరినుంచి ఇంకో నాడా దగ్గరికి, బురద ప్యాంటుకు అంటుతున్నా చూసుకోకుండా. చివరి మొక్క దగ్గర నిలబడి సంచిలోంచి తొడుగు తీసి అరచేతిలో పెట్టుకున్నారు. అచ్చం మా మాస్టారి లాగా.

"కడ్యూకస్" అన్నారు మెల్లగా.

"అవును సార్."

"ఆ మొదటి మొక్కను మీరే రోగం అన్నారు చూడండి, అప్పుడే నమ్మాను" అన్నారు. పోలమ్మ వైపు తిరిగి, "అమ్మా, ఇక దేన్నీ దాచొద్దు. మంచిదైనా చెడ్డదైనా ముందు నాకు చూపించండి. ఎప్పుడు నాటుదాం?" అన్నారు.

పోలమ్మ జవాబు అవతలి ఒడ్డువైపు తిరిగి చెప్పింది. ఆమె గొంతుకు పడవ అక్కర్లేదు. అటునుంచి లేచిన కేక నాకిప్పటికీ చెవుల్లో ఉంది. సోమయ్య అక్కడికక్కడే దురాయి ఎత్తేశాడు. ఊళ్ళో ఉన్న ప్రతి పడవా నీళ్ళలోకి వచ్చింది.

నాటిన రోజుల్లో ఆ ఊళ్ళో వేట లేదు. పడవల నిండా వలలకు బదులు మొక్కలే. ముసలివాళ్ళు కూడా నడుము లోతు బురదలో దిగి నాటారు. రాఘవేంద్ర గారు ఒకరోజు వచ్చి, ప్యాంటు మోకాళ్ళకు మడుచుకుని, తనూ ఒక వరస నాటారు. ఆ వరస వంకరగా వచ్చింది. ఇప్పటికీ వంకరగానే ఉంది. ఊరివాళ్ళు దాన్ని ఇంజనీరు వరస అంటారు.

రాలినవి, మిగిలినవి

తర్వాత ఎన్నో తుపాన్లు వచ్చాయి. కట్ట నిలిచింది. ఉప్పుపొన్న వేళ్ళు బురదను పట్టేసుకున్నాయి. ఊరు కదలలేదు. గాలివాన వస్తే ఇప్పుడు పడవలను ఆ చెట్ల మధ్యకే తెచ్చి కట్టుకుంటారు. సోమయ్య పోయాడు. పోయే ముందు ఇంకో దురాయి వేయించాడు, ఆ చెట్ల మీద ఎవరూ కత్తి పెట్టకూడదని. అటవీ శాఖకు కూడా ఇది వర్తిస్తుందని అందులో చేర్పించాడు. మా ఆఫీసులో కొందరు నొచ్చుకున్నారు. నేను మాత్రం చప్పట్లు కొట్టాను.

నా రిటైర్మెంటు సభలో ఒకాయన మాట్లాడుతూ, ప్రభుదాసు గారు కూడా ఆ మొగ్గ తొడుగు లాంటివారు, పని తీరి వెళ్ళిపోతున్నారు అన్నాడు. అందరూ తలలూపారు. నేను మైకు తీసుకుని ఒప్పుకోలేదు. కడ్యూకస్ అంటే పెందలాడే రాలేది. నేను నెల తప్పకుండా జీతం తీసుకుంటూ చివరి రోజుదాకా కుర్చీ వదలనివాణ్ణి. నన్ను పోల్చాలంటే వంకాయ ముచ్చికతో పోల్చండి అన్నాను.

ఉద్యోగంలోకి వస్తున్న పిల్లలకు నేను చెప్పేది తక్కువ. మీ శాస్త్రం మీకు ఇచ్చిన మాటలను చిన్నచూపు చూడకండి, అరుదైన మాట ఏదో ఒక రోజు ఒక ఊరిని కాపాడవచ్చు. అయితే ఆ మాటను నలుగురు నమ్మడానికి మీరు రోజూ బురదలో దిగి కనిపించి ఉండాలి. మీ వాదానికి ఎదురు వచ్చే మొక్కను మీరే చీల్చి చూపించండి. పై అధికారి భయాన్ని ఎగతాళి చేయకండి, అది ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోండి. ఇంతకుమించి నాకేం తెలియదు.

పోయిన నెల ఆ పులి గురించి అడిగిన అమ్మాయిని వెంటబెట్టుకుని ఆ లంకకు వెళ్ళాను. కొత్త నర్సరీ వేశారు. పోలమ్మకు జుట్టు తెల్లబడింది, గొంతు మాత్రం అలాగే ఉంది. పడవ దిగగానే నర్సరీ తలుపు దగ్గర, అందరికీ కనపడేటట్టు, ఒక పెద్ద చేట పెట్టి ఉంది. దాని నిండా ఆ ఉదయం ఏరిన తొడుగులు, తాజావి, ఎర్రగా.

ఆ అమ్మాయి నిలబడిపోయి, "అయ్యో, ఇన్ని రాలిపోయాయేంటి?" అంది.

పోలమ్మ నన్ను మాట్లాడనివ్వలేదు. చేటలోంచి ఒక తొడుగు తీసి ఆ పిల్ల అరచేతిలో పెట్టి, "చూడు తల్లీ" అంది.

నేను నోరు మూసుకుని పక్కకు జరిగాను.